ఎండా వానా తగలని తొక్కుడు బండి: శ్రీకాకుళంలో రోజూ వాడుకునేలా ఎలా చేయించుకోవాలి

వెలోమొబైల్ వీడియోలు యూట్యూబ్‌లో చూసే ఉంటారు. మూడు చక్రాలు, వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాపి తొక్కే సీటు, చుట్టూ నున్నటి డొప్ప. నెదర్లాండ్స్, జర్మనీల్లో రోజూ దాంట్లోనే ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. పెట్రోలు ఖర్చు లేదు, వాన పడితే తడవరు, ఒళ్లూ కదులుతుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి "మనకూ ఒకటుంటే" అనిపించడం సహజం. మనకూ పనికొస్తుంది, కాకపోతే అక్కడి బండి ఉన్నదున్నట్టు పనికిరాదు. దాన్ని చలిగాలి తగలకుండా, వేగంగా పోయేలా చేశారు. మనం అడిగేది నీడ, తడవని బట్టలు, సామానుకు కాస్త చోటు. ఆ డొప్పలో సగం తీసేస్తేనే మన ఉక్కపోతలో రోజూ తొక్కగలం.

1. ముందు మీ దారి చూసుకోండి

వెల్డింగ్ షాపుకు పరుగెత్తే ముందు, మామూలు సైకిల్ మీద ఆఫీసు టైముకే ఓ వారం రోజులు మీ దారిలో తిరగండి. దూరం, లారీలు, గోతులు, బండి పెట్టుకునే చోటు, ఈ నాలుగూ గమనించండి.

ఒక వైపు 3 కిలోమీటర్ల లోపయితే ఇదంతా అక్కర్లేదు. సెవెన్ రోడ్స్ జంక్షన్ నుంచి అరసవల్లి వెళ్లడానికి సైకిలు, రెయిన్‌కోటు చాలు. 15 కిలోమీటర్లు దాటితే బస్సే నయం. ఆ మధ్యలో ఉన్న దూరాలకే ఈ బండి. శ్రీకాకుళం నుంచి రైలెక్కేవాళ్ల సంగతే చూడండి. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, అది ఉన్నదేమో ఆమదాలవలసలో, ఊరికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో. విజయనగరం నుంచి నెల్లిమర్ల ఇంకా దగ్గర. ఇలాంటి దారులు మొత్తం మీద చదునుగానే ఉంటాయి, కాళ్లు తట్టుకుంటాయి.

16వ నంబరు జాతీయ రహదారి మెయిన్ రోడ్డు ఎక్కక తప్పని దారి అయితే మాత్రం ఈ ఆలోచన మానుకోండి. ఎచ్చెర్ల వైపు వెళ్లేవాళ్లు సర్వీసు రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోందో ముందే చూసుకోవాలి. ఒక్క అర కిలోమీటరు లారీల మధ్య తొక్కాల్సి వచ్చినా ఆ టెన్షన్‌తో పది రోజుల్లో బండి మూలన పడుతుంది.

ఇంకోటి, ఇంటి గేటు. టేపు పట్టుకుని కొలవండి. మూడడుగుల గేటయితే బండి వెడల్పు 85 సెంటీమీటర్లు దాటకూడదు. పై అంతస్తులో ఉంటూ కింద షెడ్డు లేనివాళ్లకు ఇది కుదరదు. సైకిలైతే భుజానికెత్తుకుని మెట్లెక్కుతాం, దీన్ని ఎత్తలేం.

2. వేగం మీద ఆశ వదిలేయండి

కాళ్ల బలంతో నడిచే మూతబండ్ల గురించి గొప్ప అంకెలు వినిపిస్తాయి. 2016లో అమెరికాలోని నెవాడాలో, బ్యాటిల్ మౌంటెన్ దగ్గర, టాడ్ రైకర్ట్ అనే కెనడా ఆయన పూర్తిగా మూసిన రెండు చక్రాల బండిలో గంటకు 144 కిలోమీటర్లు దాటాడు. నిజమే. ఆయన అథ్లెట్, అది తిన్నటి ఖాళీ రోడ్డు, బండి రికార్డు కోసమే చేసింది.

మనబోటి వాళ్లం ఆయాసం లేకుండా గంటసేపు తొక్కితే వచ్చే బలం 75 నుంచి 100 వాట్లు. గాలి అడ్డు వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం రెట్టింపయితే గాలి నెట్టే బలం నాలుగింతలవుతుంది, దాన్ని ఎదిరించడానికి పెట్టే శక్తి ఎనిమిదింతలవుతుంది. అందుకే 30 దాటి పోయేవాళ్లకు డొప్ప బ్రహ్మాండంగా కలిసొస్తుంది. 15 కిలోమీటర్ల వేగం దగ్గర దానివల్ల మిగిలేది ఇరవై వాట్లు ఉంటుందేమో. ఆ మిగిలింది కాస్తా బండి బరువు తినేస్తుంది. ఆటోల వెనక, గోతుల మధ్య మన వేగం ఎటూ పదిహేనే. కాబట్టి గాలిని చీల్చే ఆకారం కోసం ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

వేడి సంగతి ఇంతకన్నా ముఖ్యం. మన కండరాలు తిన్నదాంట్లో పావు వంతు కన్నా తక్కువే పనిగా మారుస్తాయి, మిగతాదంతా వేడే. కాళ్లు ఒక పాత సీలింగ్ ఫ్యాను తిరిగేంత పని చేస్తుంటే, ఒంట్లోంచి మూడు నాలుగు ఫ్యాన్ల కరెంటంత వేడి బయటికి రావాలి. ఆ వేడి చెమట ఆరితేనే పోతుంది. సముద్రపు తేమకు ఆగి ఉన్న గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. మే నెలలో మూసిన డొప్పలో అరగంట తొక్కితే ఆఫీసులో కాదు, ఆసుపత్రిలో దిగుతారు. ముఖం, ఛాతీ, వీపు, ఈ మూడు చోట్లా గాలి ఆడాల్సిందే. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ ఒక్క నియమానికి లోబడే ఉంటుంది.

3. రెండు చక్రాలు ముందా, వెనకా?

యూరప్ బండ్లలో ఎక్కువగా రెండు చక్రాలు ముందు, ఒకటి వెనక ఉంటాయి. మలుపుల్లో అదే బాగా నిలబడుతుంది. కానీ ఆ ముందు చక్రాలను ఒక పక్క నుంచే ఇరుసు పట్టుకుంటుంది, దానికి ప్రత్యేకమైన హబ్బులు, స్టీరింగు కీళ్లు కావాలి. అవి మన ఊరి సైకిల్ షాపులో దొరకవు, విరిగితే కొరియర్ కోసం ఎదురుచూడాలి. బయటి నుంచి బండే తెప్పిద్దామంటే ధర లక్షల్లో ఉంటుంది.

అందుకని ఒకటి ముందు, రెండు వెనక పెట్టించండి. ట్రాలీ రిక్షాలు, వికలాంగుల మూడు చక్రాల సైకిళ్లు చేసిన చేతులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ముందు చక్రానికి మామూలు సైకిల్ ఫోర్కు సరిపోతుంది. వెనక ఇరుసుకు ఒక చక్రానికే డ్రైవు ఇచ్చి, రెండోదాన్ని ఫ్రీగా వదిలేయమనండి. రెండూ బిగిస్తే మలుపులో టైర్లు ఈడ్చుకుపోతాయి, హ్యాండిల్ తిరగదు.

సీటు ఎత్తు దగ్గర రాజీ పడొద్దు. 1985 జనవరిలో బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ సీ5 అని ఒక మూడు చక్రాల బండి తెచ్చాడు. బ్యాటరీ, పెడళ్లు రెండూ ఉండేవి. లారీ డ్రైవరుకు కనిపించనంత కిందికి ఉందని జనం భయపడ్డారు. పైన కప్పు కూడా లేదు, అక్కడ వాన ఎప్పుడూ ఉండేదే. ఆ ఏడాదిలోనే తయారీ ఆగిపోయింది. మన ఆర్టీసీ బస్సు పక్కన నేలకు జానెడెత్తులో కూర్చుంటే మనకూ అదే భయం. సీటు నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే మామూలు కుర్చీ కన్నా కొంచెం పైన ఉంటే చాలు. ఎదురుగా వచ్చే ఆటో డ్రైవరు కళ్లలోకి చూడగలుగుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చీర కట్టుకున్నవాళ్లు కూడా పక్క నుంచి వచ్చి కూర్చోవచ్చు.

ఎత్తు పెంచినందుకు మలుపుల్లో మూల్యం చెల్లించాలి. ఈ కొలతల బండి 5 మీటర్ల మలుపులో గంటకు 16 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి లోపలి చక్రాన్ని పైకి లేపుతుంది. సైకిల్‌లా ఇది వాలదు. సందు మలుపుల్లో 10 దాటకండి.

4. ఫ్రేము చేయించడం

వెల్డింగ్ షాపుకు నోటిమాటతో కాకుండా కాగితం మీద కొలతలు రాసుకుని వెళ్లండి. మొత్తం పొడవు 2.2 మీటర్లు, వెడల్పు 80 నుంచి 85 సెంటీమీటర్లు. ఫ్రేము అడుగు భాగం నేల నుంచి 18 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆ చివరిది ఎందుకంటే స్పీడ్ బ్రేకర్లు. రూలు ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది, దాని మీద ఏ బండి పొట్టా తగలదు. మన ఊళ్లలో ఇళ్లవాళ్లు సొంతంగా వేసుకున్న సిమెంటు కట్టలు ఉన్నాయే, అవి సన్నగా, నిటారుగా లేస్తాయి. బండి కొలత వాటిని చూసి పెట్టుకోవాలి.

పైపు దళసరిగా ఉంటే గట్టిగా ఉంటుందని షాపువాడు రెండు అంగుళాల ఇనుప పైపు తీస్తాడు. వద్దనండి. బండి ఖాళీ బరువు 40 కిలోల లోపు రావాలి. సైకిల్ ఫ్రేములకు వాడే సన్న గోడ పైపే తీసుకుని, త్రికోణాలుగా కట్టిస్తే ఆ బలం వస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఈ బరువు తేడా తొడలకు తెలుస్తుంది. మీరూ బండీ సామానూ కలిపి 130 కిలోలయితే, వంద మీటర్లకు నాలుగు మీటర్లు లేచే ఎత్తును గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికే 110 వాట్ల పైన కావాలి.

పాత సైకిళ్లు రెండు మూడు కొని విప్పేస్తే పెడళ్లు, చైన్లు, ఫోర్కు, హ్యాండిల్ వచ్చేస్తాయి. వెనక చక్రాలు మాత్రం 20 అంగుళాలవి, 36 చువ్వలవి కొత్తగా కట్టించండి. వాలని బండి కాబట్టి మలుపు తిరిగినప్పుడల్లా పక్క నుంచి బరువు పడుతుంది. పెద్ద చక్రమైతే వంకర పోతుంది.

మొత్తం ఖర్చుకు నా గీటురాయి ఒకటే: సెకండ్ హ్యాండ్ స్కూటీ ధర దాటుతోందంటే ఎక్కడో అనవసరమైనది పెట్టిస్తున్నారు.

5. గేర్లు, బ్రేకులు

"రిక్షాకి ఇన్ని గేర్లేటి బాబూ?" అని మెకానిక్కు నవ్వుతాడు. నవ్వనివ్వండి. ముందు 28 పళ్ల చక్రం, వెనక పెద్ద గేరు 34 పళ్లది, 26 అంగుళాల డ్రైవు చక్రం అనుకుంటే, పెడలు ఒక చుట్టుకు బండి 1.7 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 6 కిలోమీటర్లు. వెనక 20 అంగుళాల చక్రాలు పెట్టారు కాబట్టి ఇంకా తేలిక. బండి పడిపోదు గనుక ఎంత నెమ్మదిగానైనా ఎక్కవచ్చు. ఈ బండిలో నాకు బాగా నచ్చేది అదే: వంతెన మీద దిగి నెట్టుకుంటూ పోవాల్సిన పని ఉండదు.

బ్రేకులు రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ముందు చక్రానికి డిస్కు, వెనక ఇరుసుకు ఇంకో డిస్కు. పాత రిక్షాల్లో ఉండే ఒక్క ముందు బ్రేకుతో సరిపెట్టకండి. మూడోది మర్చిపోయేది పార్కింగ్ బ్రేకు. స్టాండు లేని బండి ఇది, ఏటవాలులో వదిలేస్తే తనంతట తనే పోతుంది. బ్రేకు పిడిని నొక్కి పట్టే ఒక కొక్కెం చాలు.

చైన్‌కు పైనా కిందా మూత వేయించండి. కోతలయ్యాక మన పల్లె రోడ్ల మీద ఉలవలు, చోళ్లు, నువ్వుల కట్టెలు పరుస్తారు కదా, బళ్లు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుందని. లారీకి అది లెక్కలోది కాదు. మన బండికి ఆ తీగలు ఇరుసుకు చుట్టుకుని, చైన్‌లోకి పాకి, పెడలు బిగుసుకుపోతుంది. ఒక చిన్న కత్తి సీటు కింద ఉంచుకోండి. చీర కొంగుకు, చున్నీకి కూడా ఈ మూతే రక్ష. వెనక చక్రాలకు పక్కలు మూసిన మడ్‌గార్డులు ఉంటే ఇంకా మంచిది.

6. కప్పు, పక్కలు

ఫైబర్ డొప్ప పోయించే ఆలోచన వద్దు. కాలేజీ అడ్మిషన్ల బోర్డులు కరెంటు స్తంభాలకు కడతారు చూడండి, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట, సన్‌ప్యాక్ షీటు అంటారు. ఫ్లెక్సీ షాపుల్లో దొరుకుతుంది. తేలిక, తడవదు, పేపర్ కట్టర్‌తో తెగుతుంది. తెల్లది తీసుకోండి.

మడవాలంటే ఒక కిటుకుంది. గొట్టాల వెంట, పై పొరను మాత్రమే కట్టర్‌తో గీయండి, కింది పొర తెగకూడదు. గీత ఉన్న వైపు బయటికి వచ్చేలా మడిస్తే తిన్నటి అంచు వస్తుంది. గొట్టాలకు అడ్డంగా మడిచే చోట కోయకుండా, గుండ్రటి పైపు మీద వేసి నెమ్మదిగా నొక్కుతూ వంచాలి. కన్నం పెట్టిన ప్రతిచోటా రెండు వైపులా వాషర్ వేసి కేబుల్ టై బిగించండి. లేకపోతే కుదుపులకు కన్నం చీలిపోతుంది. గొట్టాల నోళ్లు కింది వైపున తెరిచే ఉంచండి, లోపల చేరిన నీళ్లు కారిపోతాయి. పై వైపున టేపు వేయండి.

కప్పుకు వెదురు బద్దలు వాడండి. మేదర్ల దగ్గర పచ్చి బద్దలు తెచ్చి, ఫ్రేము మీద విల్లులా వంచి కట్టి ఆరనిస్తే అదే ఆకారంలో ఉండిపోతాయి. దాని మీద తెల్ల బరకం బిగించి, తలకూ కప్పుకూ మధ్య కనీసం జానెడు ఖాళీ వదలండి. కప్పు ముందుకు అడుగున్నర చాపితే వాన ముఖానికి కొట్టదు. వెనక భాగం మాత్రం మూయకండి, వేడిగాలి అటునుంచే పోవాలి.

ముందు అద్దం గురించి అందరూ అడుగుతారు. మీ గడ్డం ఎత్తు వరకే పెట్టుకోండి, దాని మీద నుంచి చూడండి. ముఖం ముందు ప్లాస్టిక్ అద్దం ఉంటే వానలో లోపల ఊపిరి ఆవిరి పట్టి, బయట చినుకులు పట్టి, ఎదురు లైట్లు పడగానే ఏమీ కనిపించదు. దుమ్ము తుడిచి తుడిచి గీతలు కూడా పడతాయి. జోరు వానలో ముఖం కాస్త తడుస్తుంది. అందుకు టోపీ ఉన్న హెల్మెట్టు చాలు.

పక్కల్లో నడుము ఎత్తు వరకే అట్టలు, అవి కూడా వెల్క్రోతో ఊడదీసుకునేలా. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా తీసేయండి, తొలకరి పడగానే పెట్టుకోండి. నాగావళి వంతెన మీద పక్కగాలి కొట్టినప్పుడు ఈ తక్కువ ఎత్తు విలువ తెలుస్తుంది. నిలువెత్తు పక్కలున్న బండిని గాలి రోడ్డు మధ్యకు నెట్టేస్తుంది. షీటు ఎండకు పెళుసెక్కుతుంది, వేలితో నొక్కితే చిట్లడం మొదలయిందంటే మార్చేయాలి. ఖర్చు తక్కువే కాబట్టి బాధ లేదు.

7. మోటారు పెట్టాలా?

యాభై దాటినవాళ్లకు, రోజూ ఇరవై కిలోల సామాను మోసేవాళ్లకు పెట్టమనే చెప్తాను. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, తొక్కుతుంటే తోడయ్యే మోటారు 250 వాట్ల లోపుండి, 25 కిలోమీటర్ల వేగం దగ్గర ఆగిపోయి, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు దాటకుండా, సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉంటే అది మోటారు వాహనం కింద లెక్క కాదు. అంటే రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. 1000 వాట్ల కిట్టు తగిలించుకుంటే ఆ వెసులుబాటు పోతుంది, పైగా ఈ ఫ్రేము ఆ వేగానికి చేసింది కాదు.

36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పట్టేది మూడో వంతు యూనిట్ కన్నా కాస్త ఎక్కువ కరెంటు. మీరూ తొక్కుతూ ఉంటే ఆమదాలవలస వెళ్లి రావడానికి సరిపోతుంది. బ్యాటరీని సీటు వెనక, నీడలో, నేలకు ఎత్తుగా పెట్టండి. రోడ్డు నీళ్లు ఎగజిమ్మే చోట వద్దు.

8. రోడ్డు మీద

మూడు చక్రాలు మూడు గీతల మీద పోతాయి. సైకిల్ మీద గోతిని పక్క నుంచి తప్పిస్తాం. ఇక్కడ ముందు చక్రం తప్పించుకున్న గోతిలో వెనకది పడుతుంది. గోతిని తప్పించలేకపోతే వేగం తగ్గించి దిగిపోవడమే. నీళ్లు నిండిన చోట మాత్రం దిగకండి, కింద ఏముందో తెలియదు.

పంక్చర్ల విషయంలోనూ మూడు గీతలంటే మూడింతల ముళ్లు. సర్కారు తుమ్మ ఉన్న దారయితే టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబు కోసి పొరగా వేయించండి. రాత్రికి వెనక రెండు మూలలా ఎర్ర లైట్లు కావాలి, ఒక్కటే ఉంటే వెనక వచ్చేవాడు సైకిలనుకుని ఆనుకుని పోతాడు. సీటు వెనక నిలువు కర్రకు నారింజ రంగు జెండా కూడా కట్టండి.

మొదట్లో జనం చుట్టూ మూగుతారు, సెల్ఫీలు దిగుతారు, పిల్లలు ఎక్కుతామంటారు. వారం రోజులకు అలవాటు పడతారు. రథసప్తమికి అరసవల్లి వైపు, సిరిమానోత్సవం నాడు విజయనగరం కోట వైపు మాత్రం దీన్ని తీయకండి. ఆ జనంలో వెనక్కి తిప్పడానికి కూడా చోటు దొరకదు.

ఉదయం ఎక్కే ముందు సీటు కింద, కాళ్ల దగ్గర ఒకసారి తొంగి చూడండి. నీడగా ఉంటుందని పిల్లి పడుకుంటుంది, వానాకాలంలో పాము కూడా చేరవచ్చు.

9. తుపాను హెచ్చరిక వస్తే

అక్టోబరు నెల మనకు తెలియనిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. హెచ్చరిక రాగానే అట్టలు, బరకం విప్పి ఇంట్లో పెట్టేయండి. వెల్క్రో పెట్టించింది ఇందుకు కూడా. బ్యాటరీ తీసి పొడిచోట పెట్టండి. కరెంటు పోతే ఫోను ఛార్జింగుకు అదే దిక్కు, కాబట్టి ముందు రోజే నిండుగా ఎక్కించి, దానికి తగిన యూఎస్‌బీ కన్వర్టరు ఒకటి దగ్గరుంచుకోండి. ఫ్రేమును పార్కింగ్ బ్రేకు వేసి గోడ వారన, ఇనుప గ్రిల్లుకు కట్టండి. కొబ్బరి చెట్టుకు మాత్రం వద్దు. తిత్లీ రాత్రి ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా కూలాయో చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. గాలి తగ్గాక అట్టలు వెంటనే బిగించకండి. ఇరుసు గోళీలకు గ్రీజు పెట్టించి, బ్రేకు డిస్కులు తుడిచి, కూలిన కొమ్మలు రోడ్డు మీంచి తీసేదాకా ఒట్టి ఫ్రేముతోనే తిరగండి.